కోరింగ నీటిపిల్లి

కాకినాడ చెంతనున్న కోరింగ మడయడవులలో నీటిపిల్లి యను జంతు వొకటి కలదు. బావురుపిల్లి యనియు దీనికిఁ బేరు. పెంపుడుపిల్లికి సుమారు రెట్టింపుండును. బూడిదవన్నె మేనిపై నల్లని మచ్చలు. పిల్లి నీటికి వెఱచునని మనమందఱ మెఱుఁగుదుము గదా! ఇది మాత్రము రాత్రివేళఁ గాలువలోనికి దిగి చేఁపలను బట్టి తినును. లోపలి రోమములు మిక్కిలి దట్టముగా నుండుటచే నీరు చర్మమున కంటదు.

మచ్చలఁ జూచి పులిపిల్ల యని భ్రమించి దీనిని గొట్టి చంపువారు కలరు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునఁ బులి యున్న మొదటి పట్టికలోనే యిదియు నున్నది. 1978లో కోరింగ యభయారణ్యమైనది. అయిన నేమి? డెల్టాలో మడలు నఱకి రొయ్యలచెరువులు త్రవ్విన తావుల దీనికి డాఁగుచోటు లేదు. ఉప్పెన వచ్చినపుడు కెరటముల దెబ్బఁ దగ్గించునవియు నా మడలే. 1996 నవంబరు గాలివానను గోనసీమ తల్లు లెవరు మఱచిరి?

మేము రొయ్యలు గొనునపు డవి మడ నఱకి త్రవ్విన చెరువువా యని యడుగుచుందుము. "పిల్లి కోసమేనా అమ్మగారూ?" అని చేఁపలమ్మునామె నవ్వును. "రాత్రి మా గట్టుమీదకీ వచ్చిందండి. నాలుగు చేపలు తింటే తిందిలెండి" అనుచుఁ దట్ట యెత్తుకొని పోవును.