మా నాయన, మార్క్ ఫోర్ అంబాసిడర్, ఒక యూజర్ ఎర్రర్

"అన్నా, ఇంక నాయన చేతికి బండి ఇయ్యొద్దు. నేను కండ్లారా చూసినా కాబట్టి చెప్తాండా."

2024 సంక్రాంతికి, కనుమ నాడు మా చెల్లెలు కడప నుంచి ఫోన్ చేసి చెప్పిన మాట ఇది. నాకు సెలవు దొరక్క బెంగళూరులోనే ఉండిపోయాను. నాయన కర్నూలు నుంచి అమ్మని, చెల్లెల్ని, దాని కూతుర్ని ఎక్కించుకుని కడపలో ఉన్న మా అత్త ఇంటికి బయల్దేరాడు. చాగలమర్రి దాటాక పక్కన లారీ పోతుంటే బండి మెల్లగా దాని వైపుకే జరిగిందట. నాయన వెంటనే ఇటు తిప్పాడు, అది ఎక్కువై ఎడమ అంచు దాకా పోయింది, మళ్ళీ అటు తిప్పాడు. ఏమీ కాలేదు. కానీ బండిలో అందరూ ఆ తర్వాత మైదుకూరు దాకా ఒక్క మాట మాట్లాడలేదట.

బండి 1983 మోడల్ మార్క్ ఫోర్ అంబాసిడర్. 1988లో నాయన కడపలో ఉద్యోగం చేసేటప్పుడు చీటీ పాడి సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఆయనకిప్పుడు డెబ్భై నాలుగు. అంబాసిడర్ల కంపెనీ ఉత్తరపారాలో 2014లోనే తయారీ ఆపేసింది, 2017లో ఆ పేరుని కూడా ఎనభై కోట్లకి ప్యూజో వాళ్ళకి అమ్మేసింది. మా నాయన మాత్రం ఆపలేదు, అమ్మలేదు.

ఫోన్‌లో మా కుటుంబ మీటింగ్ అయింది (నాయన లేకుండా, సహజంగానే). ఎవరి దగ్గరున్న సాక్ష్యాలు వాళ్ళు బయట పెట్టారు. ఒకటి, బండిని వంకరటింకరగా తోలుతున్నాడు. రెండు, ఇంటి ముందు పార్కింగ్ చేసేటప్పుడు స్టీరింగ్ తిప్పలేక ఆయాసపడుతున్నాడు. మూడు, మలుపు తిరిగాక చక్రం దానంతట అది వెనక్కి రావట్లేదని సణుగుతున్నాడు. తీర్పు ఏకగ్రీవం: వయసు అయిపోయింది. శిక్ష: తాళాలు తీసేసుకుని బండి అమ్మేయడం. అమలు చేసే బాధ్యత: నాది. పెద్దకొడుకుగా పుట్టినందుకు దక్కే గౌరవాల్లో ఇదొకటి :)

ఫిబ్రవరిలో కర్నూలు పోయాను. ఉగ్గాని, బజ్జీ తినేదాకా ఆగి, నాకు చేతనైనంత మెత్తగా విషయం చెప్పాను. కళ్ళు, రిఫ్లెక్సులు, హైవేలు ఇదివరకట్లా లేవు... ఇట్లా. నాయన వాదించలేదు. లోపలికి పోయి లైసెన్సు తెచ్చి బల్ల మీద పెట్టాడు. 2023లో రెన్యువల్ చేయించుకున్నది. దానికి డాక్టరు ఇచ్చిన ఫారం వన్-ఏ జిరాక్సు కూడా పెట్టాడు. ఆ పక్కన కారు తాళాలు పెట్టాడు.

"అమ్మేది అమ్ముదువు గానీ, ముందు ఒకసారి కడప దాకా నువ్వే తోలు. నేను పక్కన కూర్చుంటా" అన్నాడు.

నేను కారు నడపడం నేర్చుకున్నదే ఈ బండి మీద. కానీ పదేళ్ళుగా పవర్ స్టీరింగుకి అలవాటు పడిన చేతులు. నంద్యాల దాకా బాగానే లాగించాను, ఊళ్ళు, గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, అరవై దాటలేదు. నంద్యాల దాటి నాలుగు లైన్ల రోడ్డు మీద డెబ్భైకి పోయేసరికి తెలిసింది. స్టీరింగ్‌ని నాలుగు వేళ్ళ వెడల్పు అటూ ఇటూ తిప్పినా ముందు చక్రాలకి ఆ సంగతి తెలియట్లేదు. ఆ నాలుగు వేళ్ళూ దాటాక ఒక్కసారిగా తెలుస్తోంది! బండి తనకి తోచిన వైపు పోతుంటే నేను వెనక నుంచి సర్దుతూ ఉన్నాను. ఆళ్ళగడ్డ వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. ఒక లారీ పక్కన పోతుంటే, చెల్లెలు చెప్పినట్టే, అచ్చం అట్లనే, బండి దాని వైపు జరిగింది.

నాయన ఏమీ అనలేదు. చాగలమర్రిలో టీ తాగేటప్పుడు మాత్రం, "నీకు నలభై నాలుగు గదా?" అన్నాడు.

కడపలో నాయనకి ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఊళ్ళో అందరికీ ఆయన "భాయ్" అంతే. ఇప్పుడు షెడ్డు కొడుకులు చూసుకుంటున్నారు, అంబాసిడర్ వస్తే మాత్రం ఈయన కుర్చీలోంచి లేస్తాడు. నేను నేరుగా, "భాయ్, స్టీరింగ్ లూజుగా ఉంది, కొంచెం టైట్ చెయ్యండి" అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "టైటు చేసినారు కాబట్టే ఇట్లయింది సామీ" అన్నాడు.

తర్వాత జరిగిన అరగంట నా ఇరవయ్యేళ్ళ సర్వీసులో చూసిన డీబగ్గింగుల్లో మొదటి వరసలో ఉంటుంది. ముందు చక్రాలు నేల మీద ఉండగానే నన్ను లోపల కూర్చోబెట్టి స్టీరింగ్ కొంచెం కొంచెం ఊపమన్నాడు. తను కిందికి దూరి ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి చూశాడు. ఎక్కడ ఒక వైపు కదిలి రెండో వైపు ఆలస్యంగా కదులుతుందో అక్కడ అరిగినట్టు లెక్క. తర్వాత జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి (ఒట్టి జాకీని నమ్మి కింద దూరేవాణ్ణి ఆయన షెడ్డులో ఉంచడు), చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని కుడి ఎడమలకి ఊపాడు. టకటకమని శబ్దం. అది టై రాడ్ ఎండ్లు, రాక్ సంగతి. ఆ తర్వాత పైనా కిందా పట్టుకుని ఊపాడు. ఈసారి కొంచెం కదిలితే నన్ను బ్రేకు తొక్కమన్నాడు. కదలిక ఆగిపోయింది. అంటే కింగ్ పిన్ బాగానే ఉంది, వీల్ బేరింగే కొంచెం లూజు. ఒక్క పరికరం లేదు, ఒక్క లాగ్ ఫైలు లేదు.

అంబాసిడర్‌ది రాక్ అండ్ పినియన్ స్టీరింగ్. దాని తాత మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆస్తి. స్టీరింగ్ రాడ్డు చివర చిన్న పళ్ళచక్రం, అదే పినియన్. అది అడ్డంగా ఉన్న పళ్ళ కడ్డీని, అంటే రాక్‌ని, కుడికీ ఎడమకీ జరుపుతుంది. కడ్డీ రెండు చివర్లా టై రాడ్లు, వాటి కొసల్లో గుండు జాయింట్లు, అక్కణ్ణించి చక్రాలు. రాక్ రెండు చివర్లకీ రబ్బరు బూట్లు ఉంటాయి, లోపలి ఆయిలు బయటికి, బయటి దుమ్ము లోపలికి పోకుండా.

మన సీమ ఎండకి ఆ రబ్బరు ఎన్నాళ్ళుంటుంది? పగుళ్ళు వస్తాయి. పగుళ్ళలోంచి దుమ్ము పోయి ఆయిల్‌తో కలిస్తే అది ఆకురాయి ముద్దే, పళ్ళని నూరుతూ ఉంటుంది. భాయ్ కుడి వైపు బూటు కోసి వేలు పెట్టి తీస్తే ఎండిన బంకమట్టి పెచ్చులుగా రాలింది. నాయన ఆ మట్టి వైపు చూసి, "తుంగభద్రది" అన్నాడు.

2009 అక్టోబరు వరదలో మా ఇంటితో పాటు ఈ బండి కూడా మునిగింది. నీళ్ళు తీశాక ఇంజను విప్పించాం, వైరింగ్ మార్పించాం, సీట్లు కుట్టించాం. స్టీరింగ్ తిరుగుతోంది కదా అని దాని జోలికి పోలేదు. పద్నాలుగేళ్ళుగా ఆ మట్టి అందులోనే ఉంది.

అసలు సంగతి ఇంకా ఉంది. మనం బండిని ఎక్కువ భాగం తిన్నగానే నడుపుతాం కాబట్టి రాక్‌లో నడిమి పళ్ళే అరుగుతాయి. చివరి పళ్ళు దాదాపు కొత్తవాటిలానే ఉంటాయి. పినియన్ దగ్గర రాక్‌ని నొక్కి పట్టే ఒక ప్యాడ్, దాని కింద పల్చటి షిమ్ములు ఉంటాయి. షిమ్ము తీస్తే పట్టు బిగుస్తుంది. ఎప్పుడో ఎవరో మెకానిక్ నాయన లూజుగా ఉందంటే షిమ్ములు తీసి బిగించాడు. దాంతో ఏమైంది? నడిమధ్య లూజు పూర్తిగా పోలేదు, ఎందుకంటే అక్కడ పళ్ళే లేవు. చివర్ల దగ్గర మాత్రం బిగుసుకుపోయింది. అందుకే పార్కింగ్ చేసేటప్పుడు తిప్పడం కష్టం. ఆ బిగువుకి మలుపు తర్వాత చక్రం దానంతట అది వెనక్కి రాదు. హైవే మీద తిన్నగా పోయేటప్పుడేమో నాలుగు వేళ్ళ ప్లే.

మళ్ళీ మా కుటుంబం పెట్టిన సాక్ష్యాలు చదవండి. ఒకటి, వంకరటింకర. రెండు, తిప్పలేక ఆయాసం. మూడు, వెనక్కి రాదని సణుగుడు. మూడూ నిజాలే. మూడింటిలో ఒక్కటి కూడా నాయనది కాదు.

ఇక్కడ నా వృత్తి గురించి ఒక మాట ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం మా క్లయింటు ఆఫీసులో ఒక పెద్దావిడ ఎంట్రీలు రెండేసి సార్లు పడుతున్నాయని టికెట్ మీద టికెట్ పెట్టేది. ఆవిడ రిటైర్మెంటుకి దగ్గర్లో ఉందని విన్నాం. అంతే, చూడకుండానే అర్థమైపోయింది మాకు. "యూజర్ ఎర్రర్, ట్రైనింగ్ అవసరం" అని రాసి మూసేశాం. మూసింది నేనే. కొన్ని నెలల తర్వాత తేలింది, వాళ్ళ బ్రాంచిలో నెట్‌వర్క్ నెమ్మది, మా స్క్రీన్ ఒకసారి నొక్కిన రిక్వెస్టునే రెండుసార్లు పంపుతోంది. ఆవిడకి ఎవరూ సారీ చెప్పినట్టు నాకు గుర్తు లేదు. మనిషి వయసు ముందే తెలిస్తే, యంత్రాన్ని విప్పే శ్రమ తప్పుతుంది మనకి.

సరే, బండి సంగతి. కొత్త రాక్ కోసం నేను బెంగళూరు జేసీ రోడ్డులో నాలుగు దుకాణాలు తిరిగాను. చివరికి ఒకాయన కలకత్తా నుంచి పాత స్టాకు తెప్పించాడు. రేటు ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది. మార్చిలో ఒక శనివారం రాక్, రెండు టై రాడ్ ఎండ్లు, బూట్లు తీసుకుని కడప చేరాను.

భాయ్ నాతోనే పని చేయించాడు. పాత టై రాడ్ ఎండ్ ఊడదీయడానికి నేను నేరుగా మర మీద సుత్తితో కొట్టబోతే పానాతో నా చేతి మీద ఒకటి తగిలించాడు. నట్టు వదులు చేసి, జాయింటు దూరిన కన్ను పక్క మీద ఒక సుత్తి ఆనించి, అవతలి పక్క ఇంకో సుత్తితో కొడితే రెండు దెబ్బలకి దానంతట అదే ఊడింది. దాన్ని మర తిప్పి తీసేటప్పుడు ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి షెడ్డు గోడ మీద సుద్దతో రాయించాడు. కొత్తది కూడా అన్ని చుట్లే ఎక్కించాలి, లేకపోతే చక్రాలు చెరో దిక్కు చూస్తాయి. రాక్ బిగించే ముందు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగంలో ఆపి, స్టీరింగ్ చక్రం తిన్నగా ఉండేట్టు కలిపాం. బూట్లలో గ్రీజు కూరబోతే వద్దన్నాడు. గ్రీజు చివర్లకి పోయి అక్కడే కూర్చుంటుంది, గేర్ ఆయిల్ అయితే తిరిగి వస్తుంది. చివరికి స్ప్లిట్ పిన్ను. నట్టు గాడి కన్నంతో కలవకపోతే బిగించి తరువాతి గాడికి పోవాలి గానీ, వదులు చేసి వెనక్కి రాకూడదు. "ఇది అర్ధ రూపాయి సామాను సామీ. పెద్ద సామాన్లన్నీ దీని మీద నమ్మకంతో ఉంటాయి" అన్నాడు. రిమ్ముల ముందూ వెనకా టేపుతో కొలిచి టో-ఇన్ సరిచేసేసరికి సాయంత్రమైంది.

ఆదివారం మధ్యాహ్నం కర్నూలుకి బయల్దేరాం. నాయన స్టీరింగ్ ముందు, నేను పక్కన. కడప దాటి చెన్నూరులో పెన్న వంతెన ఎక్కేసరికి నా గుండె జారింది. బండి మళ్ళీ అటూ ఇటూ ఊగుతోంది! ఖాజీపేట దాకా అదే వరస. చెల్లెలు, అమ్మ, నేను, అందరం చెప్పింది నిజమేనా? "ఆపు నాయనా, నేను తోలతా" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది.

అప్పుడు ఆయన చేతులు చూశాను. బండి తిన్నగా పోతున్నా ఆ చేతులు నాలుగు వేళ్ళు అటు, నాలుగు వేళ్ళు ఇటు తిరుగుతూనే ఉన్నాయి. ఏళ్ళ తరబడి లేని పళ్ళకి బదులుగా ఆ చేతులే పని చేశాయి. ఇప్పుడు పళ్ళొచ్చాయని వాటికి ఇంకా తెలియదు. నేను మాట మింగేసి, "నాయనా, చేతులు వదులుగా పెట్టు. అదే పోతాది" అన్నాను.

మైదుకూరు దాటాక చేతులు నెమ్మదించాయి. దువ్వూరు దగ్గర పూర్తిగా ఆగిపోయాయి. చాగలమర్రి అవతల ఒక లారీ మమ్మల్ని దాటుకుంటూ పోయింది. బండి గీత గీసినట్టు తన లైనులోనే ఉంది. నాయన నా వైపు చూడలేదు. నేనూ రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను.

నంద్యాల వచ్చేసరికి పొద్దు గుంకింది. ఎదుటి లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. నాయన బండి పక్కకి తీసి, ఇంజను ఆపి, తాళాలు నా చేతిలో పెట్టాడు.

"చీకట్లో ఎదురు లైట్లకి నాకు సరిగ్గా కనపడదురా. రెండేండ్లాయ. రాత్రి పూట తోలేది ఎప్పుడో మానేసినా. మీరెవురూ అడగలా, నేను చెప్పలా."

ఆ రాత్రి కర్నూలు చేరాక చెల్లెలికి ఫోన్ చేశాను. ఎవరి తప్పో చెప్పాను. బండి అమ్మట్లేదని కూడా చెప్పాను.