గాలికి బాడుగ

పూసంటే ఎంతుంటుందండీ? ఆవగింజంత. పదకొండో నంబరు పూస చిన్నదనుకుంటే పదిహేనో నంబరుది ఇంకా చిన్నది. ఈ పూసల లోకంలో నంబరు పెరిగేకొద్దీ వస్తువు చిక్కిపోతుంది. అంతటి పూసను జపాన్‌లోని హిరోషిమా వైపు నుంచి మా లేపాక్షికి తెప్పించాలంటే ఎన్ని కాగితాలు కావాలో వదిన పక్కన కూచుని చూశాను. అప్పటినుంచీ పెళ్ళిళ్ళలో మగ్గం వర్కు జాకెట్టు కనబడితే కాస్త మర్యాదగా చూస్తున్నాను.

వదిన చేతిపని మంచిది. పూసలే మంచివి దొరకవు. బెంగుళూరు నుంచి తెచ్చుకున్న పొట్లాల్లో ఒకదాని రంగు ఇంకొకదానికి కలవదు. ఒక పూస లావు, ఒకటి సన్నం. చెమట తగిలితే పూత పోయి బోడిగా మిగులుతాయి. వీపు మీద నెమలి సగం నీలంగా, సగం బూడిదగా తేలితే పెళ్ళికూతురి తల్లి ఊరుకుంటుందా? జపాన్ పూసలు అన్నీ ఒక్క అచ్చున పోసినట్టుంటాయి, వరస వంకర పోదు.

"మనమే తెప్పిస్తే ఎట్లుంటుంది అమ్మీ? చుట్టుపక్కల ఊళ్ళల్లో మగ్గం వేసేవాళ్ళకు కూడా అమ్మొచ్చు" అంది ఒకనాడు.

డబ్బుంది. చీటీ పాడుకున్న నలభై వేలు. కాకపోతే దానికి మా అన్న ముందే ఇంకో పేరు పెట్టుకున్నాడు: బోరు. ఇప్పటికి రెండు వేయించాడు, రెండింట్లోనూ దుమ్మే లేచింది. మూడోదానికి బయానా ఇద్దామని ఆయన ఆశ.

"నేలలో నీళ్ళున్నాయో లేదో నీకూ తెలీదు, నాకూ తెలీదు. జాకెట్లకు గిరాకీ ఉందని మాత్రం నాకు తెలుసు" అంది వదిన. అన్న ఆ రోజు అన్నం తినకుండా చేనికి పోయాడు. సాయంత్రం వచ్చి, "పోతే పోనీ. నా రెండు బోర్ల పక్కన నీది మూడోది అనుకుంటా" అన్నాడు. ఆ మాట వదినకు సూదిలా గుచ్చుకున్నట్టుంది. అక్కణ్ణించి రూపాయి రూపాయికీ లెక్క రాసింది.

దిగుమతి చేసుకోవాలంటే ముందు ఐ.ఇ.సి. అని ఒక కోడు ఉండాలి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ వాళ్ళు ఇంటర్నెట్‌లోనే ఇస్తారు, రుసుము 500 రూపాయలు. కొత్త నంబరేమీ కాదు, మన పాన్ కార్డు మీదిదే. అయితే ఏటా ఏప్రిల్, జూన్ల మధ్య వివరాలన్నీ సరేనని మళ్ళీ చెప్పుకోవాలి, ఏమీ మారకపోయినా సరే. చెప్పకపోతే కోడు పనిచెయ్యదు. జి.ఎస్.టి. నంబరు కూడా తీసుకుంది. ఆ తర్వాత సరుకుకు అంకెల పేరు. గాజు పూసల పేరు 7018తో మొదలవుతుంది. ఆ పట్టీలోనే మన చేతి గాజులకూ వేరే గది కేటాయించారు. చూసి ముచ్చటేసింది.

ఇక కొరియరు. బరువు మూడు కిలోలే కదా, మూడు కిలోలకే బాడుగ అనుకుంటాం. వాళ్ళ లెక్క వేరు. పెట్టె పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. అమ్మినాయన జాగ్రత్తపరుడు, చుట్టూ మెత్తటి కాగితం కూరి 40, 30, 25 కొలతల పెట్టెలో పెట్టాడు. వేసి చూడండి, ఆరు కిలోలు! "అంటే మూడు కిలోలు పూసలకు, మూడు కిలోలు గాలికా?" అంది వదిన. బాడుగ తొమ్మిది వేలయింది, ఇరవై వేల సరుకుకు.

సుంకం సరుకు ధర మీదే కాదండీ, బాడుగ, బీమా కలిపిన మొత్తం మీద పడుతుంది. ఒక్కటే ఊరట. విమానంలో వచ్చే సరుకైతే, బాడుగ ఎంతయినా, ధరలో ఇరవై శాతానికి మించి లెక్క కట్టరు. మా తొమ్మిది వేలలో నాలుగు వేలే లెక్కకెక్కింది. సుంకం మీద పదోవంతు సంక్షేమ సర్‌ఛార్జి, వీటన్నిటి మీదా ఐ.జి.ఎస్.టి. ఈ చివరిది జి.ఎస్.టి. ఉన్నవాళ్ళు తర్వాత తమ పన్నులో సర్దుకోవచ్చు. వదిన ఆ నంబరు తీసుకున్నది అందుకే.

ఇంతలో అమ్మినాయన ఉత్తరం. కావాలంటే ధర తగ్గించి, "బహుమతి" అని రాసి పంపుతాడట! చాలామంది అలాగే అడుగుతారట. 2019 డిసెంబరు నుంచి బహుమతి పేరుతో సుంకం తప్పించుకునే దారి మన దేశంలో మూసేశారు. ప్రాణాలు నిలిపే మందులకూ, రాఖీలకూ మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ సంగతి చెప్పబోయాను. వదిన చెప్పనివ్వలేదు. "డబ్బిచ్చి కొన్నది బహుమతెట్లయితుంది? ఉన్నదున్నట్టు రాయమను" అంది. లెక్కలంటే మా ఊరికి పాత భయం ఒకటుంది లెండి. రాయలవారి కోశాగారం ఖర్చుపెట్టి గుడి కట్టించాడన్న నింద పడి, కోశాధికారి విరూపణ్ణ తన కళ్ళు తానే తీసి గోడకేసి కొట్టాడని కథ. ఎర్రటి మచ్చలు ఇప్పటికీ గైడ్లు చూపిస్తారు. ఆ గోడ పక్కన గోళీలాడుకుంటూ పెరిగిన పిల్ల మా వదిన.

జపాన్ నుంచి దేవనహళ్ళి విమానాశ్రయానికి పెట్టె మూడు రోజుల్లో వచ్చేసింది. అక్కణ్ణించి మా ఊరు వంద కిలోమీటర్ల లోపే. ఆ దూరానికి తొమ్మిది రోజులు! బిల్లులో శ్రీ సత్యసాయి జిల్లా, ఆధార్‌లో అనంతపురం జిల్లా, మనిషి ఒకరేనా అని కొరియరు వాళ్ళ సందేహం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయని ఫోనులో ఎవరికి చెప్పినా ఇంకొకరికి కలుపుతారు. చివరికి ఒకమ్మాయి కన్నడంలో పలికింది. మాది సరిహద్దు ఊరు కదా, వదిన కన్నడం అందుకుంది. జిల్లాల ఉత్తర్వు కాపీ, కరెంటు బిల్లు పంపాక కదిలింది పెట్టె. ఆగిన రోజులకు గోదాము బాడుగ మళ్ళీ మా నెత్తినే. లెక్కపుస్తకంలో దానికి వదిన పెట్టిన పేరు ఇక్కడ రాయను.

పెట్టె విప్పిన రాత్రి త్రాసు ముందు పెట్టుకుని, అన్ని ఖర్చులూ కలిపి గ్రాముకు ఎంత పడిందో తేల్చింది. బెంగుళూరు పొట్లం కన్నా ఎక్కువే. అయినా చిలమత్తూరు నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలు అరచేతిలో పోసుకుని, దీపం దగ్గర తిప్పి తిప్పి చూసి, బేరమాడకుండా చెరో వంద గ్రాములు కట్టించుకున్నారు. పది రోజుల్లో సగం పెట్టె ఖాళీ అయింది. సగం డబ్బు ఇంకా అప్పుల పద్దులోనే ఉంది, అది వేరే సంగతి.

రెండో ఆర్డరుకు ధర అడగకముందే పెట్టె కొలతలు అడిగింది వదిన. పాతికలో పాతిక, ఎత్తు పదిహేను చాలని రాయించింది నాచేత. అంత పెట్టెలో సరుకు పడుతుందో లేదో చూద్దామని మా అన్న గూట్లోంచి కొలత టేపు తెచ్చి పాత డబ్బా ఒకటి కొలిచిపెట్టాడు. బోరు మాట మాత్రం ఇంకా వదల్లేదు.