ఇంట్లో కట్టి... సరస్సులో దింపి!

ఒడ్డున కూర్చున్న జనమంతా ఒక్కసారి తలెత్తి చూస్తారు. చిన్న విమానం ఒకటి తక్కువ ఎత్తులో వచ్చి, నురగ చిమ్ముకుంటూ సరస్సు మీద వాలుతుంది. కాసేపు పడవలా నెమ్మదిగా సాగుతుంది. తర్వాత పొట్టకింద చక్రాలు దించుకుని, ఏటవాలుగా కట్టిన దారి మీదుగా గట్టెక్కేస్తుంది!

అమెరికాలో ఒర్లాండో నగరానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న టవారెస్ ఇలాంటి దృశ్యాలకు పెట్టింది పేరు. ఫ్లోరిడా రాష్ట్రంలోని ఈ చిన్న పట్నం 2010లో డోరా సరస్సు ఒడ్డున నీటి విమానాలకోసం రేవు కట్టుకుంది. ‘అమెరికా సీప్లేన్ సిటీ’ అని తనకు తానే పేరూ పెట్టుకుంది.

సీప్లేన్ అంటే తెలుగువారికి 2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలానికి ప్రయోగాత్మకంగా ఎగిరిన విమానమే గుర్తొస్తుంది. అది ప్రయాణికుల్ని చేరవేసే రకం. టవారెస్‌తో పేరు ముడిపడిన ‘సీరే’ మాత్రం ఇద్దరే పట్టే బుల్లి విమానం. పైగా, కొన్నవాళ్లే దాన్ని ఇంట్లో కట్టుకోవచ్చు!

1992లో తొలిసారి ఎగిరిన ఈ విమానం విడిభాగాలుగా ఇంటికొస్తుంది. అల్యూమినియం గొట్టాలు బిగించడం, రెక్కలకు బట్ట తొడగడం, వైర్లు కలపడం... అన్నీ కారు షెడ్డులోనే. సగానికి పైగా పని ఔత్సాహికులే చేసి ఉండాలన్నది సొంతంగా కట్టుకునే విమానాలకు అక్కడి నిబంధన. అధికారులు తనిఖీ చేశాక కూడా, ముందు కొన్ని గంటలపాటు ప్రయాణికులెవరినీ ఎక్కించుకోకుండా ఎగిరి పరీక్షించాలి.

దీని పొట్ట అచ్చం పడవలానే ఉంటుంది. అడుగున మెట్టులాంటి ఒక ఒంపు ఉంటుంది. వేగం పుంజుకోగానే నీటి పట్టునుంచి విమానాన్ని విడిపించేది అదే. తుంపర్లు తగలకుండా ఇంజిన్‌నేమో రెక్కల దగ్గర ఎత్తులో అమర్చారు. 2015లో మైఖేల్ స్మిత్ అనే ఆస్ట్రేలియా సినిమా హాలు యజమాని ఇలాంటి సీరేలోనే ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చాడు.

ఇంత ముచ్చటైన విమానంలోనూ ప్రాణంమీదికి తెచ్చే పొరపాటు ఒకటుంది. రన్‌వే మీద చక్రాలు దించడం మరిచిపోతే చాలావరకు అడుగు గీసుకుపోవడంతో సరి. అదే నీళ్లమీద చక్రాలు దించి వాలితే... అవి నీటిలో చిక్కుకుని విమానం ముందుకు పల్టీ కొడుతుంది. లోపలివాళ్లు తలకిందులుగా నీళ్లలో ఉండిపోతారు. నేలమీద ప్రాణం కాపాడే చక్రాలే నీళ్లమీద ప్రాణం తీస్తాయన్నమాట.

అందుకే దిగే ముందు పైలట్ చక్రాలవైపు చూసి పైకే చెప్పుకోవాలని నేర్పిస్తారు: ‘‘ఇప్పుడు దిగేది నీళ్లమీద. చక్రాలు పైకి ఉన్నాయి.’’ ఎన్నేళ్ల అనుభవమున్నా, రోజూ దిగే సరస్సే అయినా, పక్కసీటులో ఎవరూ లేకపోయినా సరే.

ఒడ్డున ఉన్నవాళ్లకు ఆ మాట వినిపించదు. తెల్లటి నురగ చూసి చప్పట్లు కొడతారంతే!