అక్షరానికి ఇంత

విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులు దాటి గవర్నరుపేట వైపు మళ్ళే సందుల్లో ఒకదాంట్లో మా మావయ్య కొట్టు ఉండేది. బోర్డులు రాసేవాడు. కొట్టంటే చిన్న గది, దాని ముందు రేకుల పంచ. పని మొత్తం పంచలోనే. 1980ల చివర్లో మొదలై 90ల మధ్య దాకా నా ఎండాకాలం సెలవులన్నీ అక్కడే గడిచాయి. పరీక్షలైపోగానే అమ్మ గుడివాడలో బస్సెక్కించేది, మావయ్య బస్టాండుకొచ్చి దింపుకునేవాడు. మర్నాడు పొద్దున్నే నా చేతిలో గరుకు కాగితం ముక్క పెట్టేవాడు.

ఆ కొట్లో పని నేర్చుకోవడానికి ఒక వరస ఉండేది. ముందు రేకు రుద్దడం. తుప్పు పోయేదాకా రుద్ది, తుడిచి, రెడాక్సైడు పూసి ఆరబెట్టాలి. ఆ తర్వాత మావయ్య గీసిపెట్టిన అక్షరాల లోపల రంగు నింపడం. అది కుదిరాక నీడ వేయడం. నీడ అన్ని అక్షరాలకూ ఒకే పక్క, ఒకే వాలుగా పడాలి. అక్షరం గీయడం అన్నిటికన్నా చివర. కొట్లో పనిచేసే కుర్రాళ్ళకి అక్కడిదాకా రావడానికి ఏళ్ళు పట్టేది. నేను రంగు నింపడం దగ్గరే ఉండిపోయాను. అప్పటికి బడులు తెరిచేసేవాళ్ళు.

సుద్ద పట్టించిన దారాన్ని రెండు చివర్లా లాగి పట్టుకుని టప్పున వదిలితే బోర్డు మీద తెల్లటి గీత పడేది. ఇంగ్లీషుకి రెండు గీతలు చాలు, తెలుగుకి నాలుగు కావాలనేవాడు మావయ్య. పైన తలకట్టుకీ గుడికీ చోటుండాలి, కింద ఒత్తుకి చోటుండాలి. ‘స్టోర్స్’ అన్న మాట రాయాలంటేనే కిందా పైనా జాగా చూసుకోవాలి. మావయ్య జన్మలో అన్నిసార్లు రాసిన మాట ఇంకోటి ఉండదేమో. విజయవాడలో చాలా బోర్డులు శ్రీ కనకదుర్గ అనే మొదలవుతాయి కదా, ఆ శ్రీకి క్రారవడి చుట్టేటప్పుడు పంచలో ఎవరూ మాట్లాడకూడదు. ఎడమ చేతిలో చివర గుడ్డ చుట్టిన కర్ర. దాని మీద కుడి మణికట్టు ఆనించి, ఉడత వెంట్రుకల కుంచెతో ఒక్క ఊపులో తిప్పేవాడు. “మధ్యలో ఆపితే అతుకు కనబడుద్దమ్మాయ్” అనేవాడు. ధర మాత్రం బోర్డుకి అడుగుల లెక్క, గోడకీ నంబరు ప్లేటుకీ అక్షరానికి ఇంత అని లెక్క.

ఆ ధరలో లెక్కకి రాని పని ఇంకోటి ఉండేది. ఊరి చివర బస్సులు తిరిగే రోడ్డు మీద ఎరువుల కొట్టు పెడుతున్న ఒకాయన బోర్డు రాయించుకోవడానికి వచ్చాడు. తన పేరు, తండ్రి పేరు, ప్రొప్రయిటర్ అన్న మాట, అమ్మే సరుకుల జాబితా అన్నీ కాగితం మీద రాసుకొచ్చాడు. మావయ్య కాగితం పక్కనపెట్టి ప్రశ్నలు మొదలెట్టాడు. కొట్టు రోడ్డుకి ఏ పక్కండీ? పొద్దుటెండ పడుద్దా, సాయంత్రపుటెండా? ఎదర కరెంటు స్తంభం ఉందా? మీ దగ్గరికొచ్చే రైతులు బస్సు దిగి వస్తారా, ఎడ్లబండ్ల మీదొస్తారా? అన్నీ విని, సైకిలేసుకుని ఆ చోటు చూడ్డానికి వెళ్ళాడు. వెనక క్యారేజీ మీద నేను. రోడ్డుకి అవతల నిలబడి ఒకసారి, వచ్చే బస్సు వైపు కొంత దూరం నడిచి ఒకసారి చూశాడు. బోర్డు తయారయ్యేసరికి ‘ఎరువులు, పురుగుమందులు’ అన్నవి ముప్పాతిక రేకు ఆక్రమించాయి. నలుపు మీద పసుపు. ఓనరు పేరు కింద సన్నగా ఉంది.

“నా పేరు ఇంత చిన్నదైపోయిందేంటి మేస్త్రీ?” అన్నాడాయన, కొంచెం నొచ్చుకుని.

“మీ పేరు మీ ఊరికి తెలుసండీ. బస్సులోంచి చూసేవాడికి కావాల్సింది ఎరువులు. లోపలికొచ్చాక మీ పేరు వాడే అడుగుతాడు.”

ఆయన కాసేపు బోర్డు వంకే చూసి, డబ్బులిచ్చి పట్టుకెళ్ళాడు. డిజైనంటే ఏమిటో నాకు తెలిసింది ఆ రోజే. ఆ మాట మాత్రం ఆ కొట్లో ఎవరూ వాడేవాళ్ళు కాదు.

సాయంత్రాలు గాంధీనగర్ తీసుకెళ్ళేవాడు. సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులన్నీ అక్కడే కాబట్టి గోడలనిండా కొత్త పోస్టర్లు. బొమ్మలు నేను చూసేదాన్ని, అక్షరాలు మావయ్య చూసేవాడు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్ళి, 1967లో బాపు ‘సాక్షి’తో పోస్టర్లు మొదలుపెట్టిన ఈశ్వర్ పేరు నేను మొదట విన్నది మావయ్య నోటనే. సినిమా పేరు చదవకముందే అది నవ్వించేదో ఏడిపించేదో అక్షరం చెప్పేస్తుందని చూపించేవాడు. బాపు చేతిరాత తర్వాత కంప్యూటర్ ఫాంటుగా వచ్చింది. ఈశ్వర్ 2021లో కన్నుమూశారు.

ఎన్నికలొస్తే కొట్లో నిద్ర ఉండేది కాదు. పాత ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి సైకిలు గుర్తు, చెయ్యి గుర్తు కోసి అచ్చులు చేసేవాళ్ళు. గోడ మీద పెట్టి రంగు అద్దితే గుర్తు సిద్ధం. టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా వచ్చాక గోడరాతల మీద గట్టి పట్టు బిగిసింది. గోడల యజమానులకు అది మేలే. మావయ్యకి మాత్రం పెద్ద సీజను పోయింది.

ఆ తర్వాత సందు మొదట్లో డీటీపీ సెంటరొచ్చింది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. శుభలేఖలు, కరపత్రాలు అటు వెళ్ళాయి. నంబరు ప్లేట్లు రేడియం కటింగుకి పోయాయి. 2000 దాటాక ఫ్లెక్సీ మిషన్లు దిగాయి. వారం పట్టే బోర్డు గంటలో చేతికొచ్చింది, పైగా ఫొటోతో సహా. జనం అటు మళ్ళడంలో తప్పేమీ లేదు. కుర్రాళ్ళలో ఒకరు ఇళ్ళకు రంగులేసే పనికి, ఒకరు ఆటోకి వెళ్ళిపోయారు. మావయ్య గుళ్ళలోనూ బళ్ళలోనూ గోడలకు రాస్తూ కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల కోసం మునిసిపాలిటీలు గోడలకు బొమ్మలు వేయించడం మొదలెట్టే నాటికి ఆయన చెయ్యి వణుకుతోంది.

ఫ్లెక్సీ షాపులు పెట్టిన రేటు చదరపు అడుగుకి. దాని కింద ‘డిజైన్ ఫ్రీ’ అని రాసేవాళ్ళు. నా లెక్కలో ఈ వృత్తికి పెద్ద దెబ్బ తగిలింది అక్కడే. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడికి పది నిమిషాలే టైము. బోర్డు ఎండలో ఉంటుందో నీడలో ఉంటుందో అడిగే తీరికా లేదు, అడిగినందుకు పైసా రాదు. కుంచెతో పాటు ప్రశ్నలు కూడా పోయాయి. మెషీను ప్రశ్నల్ని చంపలేదు, వాటికి ధర లేదని మనమే ఒప్పుకున్నాం.

నేను హైదరాబాదులో గ్రాఫిక్ డిజైన్ చేస్తాను. ఐదు డాలర్లకు పని అన్న ఫైవర్ 2010లోనూ, ఎవరైనా లాగి వదిలితే పోస్టరయ్యే కాన్వా 2013లోనూ వచ్చాయి. 2022 నుంచి మాట చెప్తే బొమ్మ గీసే ఏఐ వచ్చింది. పుట్టినరోజు ఫ్లెక్సీ, టిఫిన్ సెంటరు మెనూ, పండగ శుభాకాంక్షల కార్డు ఇక మా చేతికి రావు. వాటి కోసం నేను బాధపడటం లేదు. డబ్బుల్లేని చిన్న వ్యాపారి తన కార్డు తనే చేసుకోగలిగితే అది మంచిదే.

నా భయం కుర్రాళ్ళ గురించి. కొట్లో రేకు రుద్దడం, రంగు నింపడం అనే మెట్లు ఉండేవి. ఆఫీసుల్లో వాటి చోట ఫొటోలు కత్తిరించడం, ఒకే ప్రకటనను పది సైజుల్లో పేర్చడం ఉండేవి. నేను నేర్చుకున్నది అలాగే. పక్క టేబుల్ దగ్గర పెద్దవాళ్ళు క్లయింటుతో ఎలా మాట్లాడుతున్నారో వింటూ చేసేదాన్ని. ఇప్పుడు సాఫ్ట్‌వేరు ఊడ్చుకుపోతున్నది సరిగ్గా ఆ పనుల్నే. కింది మెట్లు పోతే పైమెట్టు ఎక్కేవాళ్ళు ఎక్కణ్నుంచి వస్తారు? కాలేజీలకీ కంపెనీలకీ వెయ్యాల్సిన ప్రశ్న ఇది. కొత్తగా చేరిన పిల్లల్ని నేను మొదటి వారమే క్లయింటు దగ్గరికి తీసుకెళ్తున్నాను. వాళ్ళు కొట్టు చూసి, వీధి చూసి, అడిగి రాసుకొస్తారు. కంప్యూటరు ఆ తర్వాతే.

తెలుగుకి ఇంకో చిక్కుంది. ఏఐ గీసిన బొమ్మల్లో దూరం నుంచి తెలుగులాగే కనిపించి, దగ్గరికెళ్తే ఏ అక్షరమూ కాని గీతలు చాలా చూశాను. ఒత్తు పక్కకి జారిపోతుంది, దీర్ఘం ఎగిరిపోతుంది. ఈమధ్యవి మెరుగుపడుతున్నాయి, ఇంకా పడతాయి. కానీ తప్పు పట్టగల కన్ను మనిషికే ఉండాలి. సిలికానాంధ్ర పూనికతో మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్న కాలంలో కూడా విరిగిన ఒత్తులతో ఫ్లెక్సీలు వేలాడుతున్నాయంటే, కట్టేముందు ఎవరూ చదవలేదనే. ఢిల్లీలో డిజైనర్ హనీఫ్ ఖురేషీ వీధి పెయింటర్ల చేతిరాతల్ని ఫాంట్లుగా మార్చే పని తలకెత్తుకున్నారు. 2024లో ఆయన చనిపోయారు. తెలుగు బోర్డు పెయింటర్ల అక్షరాలకు ఆ పని మనవాళ్ళు పెద్దెత్తున చేయాలి, ఆ పెయింటర్లలో కొందరైనా ఉండగానే.

ప్రింటింగ్ షాపు నడిపేవాళ్ళకి నాదొక్కటే విన్నపం. రేటు బోర్డు మీద ‘డిజైన్ ఫ్రీ’ అన్న మాట తుడిచేయండి. బిల్లులో రెండు వరసలు పెట్టండి: ప్రింటుకి ఇంత, డిజైనుకి ఇంత. ఆ రెండో వరస వంద రూపాయలైనా సరే, ఆ డబ్బు తీసుకున్న కుర్రాణ్ని క్లయింటు వీధి చూసి రమ్మనండి. బోర్డు పెట్టించుకునేవాళ్ళూ ఆ వంద ఇవ్వడానికి వెనకాడకండి.