పీచ్‌ట్రీ వీధిలో తెల్ల కవచాలు

అమెరికాలో జార్జియా రాష్ట్రానికి ముఖ్యపట్టణం అట్లాంటా. ఈ వూళ్ళో ఎవరిని దారి అడిగినా పీచ్‌ట్రీ అనే మాట రాకుండా జవాబు చెప్పలేరు. పీచ్‌ట్రీ స్ట్రీట్, వెస్ట్ పీచ్‌ట్రీ, పీచ్‌ట్రీ రోడ్ - ఇలా డజన్ల కొద్దీ వీధులున్నాయి. పీచ్ చెట్టు మాత్రం నా కంటికి ఒక్కటీ కనబడలేదు!

వీటిలో పెద్ద వీధి ఏడాదికొకసారి వేషాల సంతగా మారుతుంది. లేబర్ డే సెప్టెంబరు మొదటి సోమవారం. దాని ముందరి శనివారం పొద్దున డ్రాగన్ కాన్ వారి వూరేగింపు. 1987లో మొదలైన వుత్సవం అది. మన పగటివేషాలు చూసిన కంటికి అందులో వింత తక్కువే. కాని రాక్షసుల మధ్య, గ్రహాంతరవాసుల మధ్య, ఒకే మూసలో పోసినట్టు బారులు తీరి నడిచే తెల్ల కవచాల సైనికులను చూస్తే ఎవరికైనా చూపు నిలిచిపోతుంది.

వీరు 1977లో వచ్చిన స్టార్ వార్స్ చిత్రంలో దుష్టచక్రవర్తి కొలువులోని భటులు, స్టార్మ్ ట్రూపర్లంటారు. వీరి సంఘం పేరు 501వ లీజియన్. పక్క రాష్ట్రంలోని కొలంబియా పట్టణంలో 1997లో ఆల్బిన్ జాన్సన్ అనే ఆయన ఒక మిత్రుడితో కలిసి దీన్ని ప్రారంభించాడు. నేడు అనేక దేశాల్లో శాఖలున్నాయి. చేరేవారికి పద్ధెనిమిదేళ్ళు నిండాలి; సొంత వేషం వుండాలి; అది సంఘం ప్రమాణాలకు సరిపోవాలి. ఈ మూడోదే అసలు పరీక్ష.

ఈ వూరికి వుత్తరంగా మా అక్కయ్యగారి కాపురం. మేనల్లుడు కంప్యూటరు వుద్యోగి. నేను వెళ్ళేసరికి గ్యారేజీలో కారుకు చోటు లేదు. బల్లనిండా తెల్లటి చేతులు, కాళ్ళు, ఒక వీపు! ఫోటోలు చూసిన పరిశీలకుడు సవరణల జాబితా పంపాడట. ముంజేతి కవచం రెండు చెక్కలూ ఒకదానిమీదొకటి ఎక్కకూడదు. అంచుకు అంచు ఆని, అతుకు మీద పదిహేను మిల్లీమీటర్ల పట్టీ రావాలి. వీపు పలకకీ నడుము పలకకీ మధ్య సందు మూయాలి. తొడలు వదులు. బూట్లకు బకిల్సు పనికిరావు.

"సినిమావాళ్ళకే లేని పట్టింపు వీళ్ళకెందుకోయ్?" అన్నారు బావగారు. ఆయన మాటలోనూ నిజముంది. 1976లో ఇంగ్లండులో ఆ కవచాలు హడావిడిగా తయారయ్యాయి. ప్లాస్టిక్ రేకును వేడిచేసి, మెత్తబడ్డాక అచ్చుమీద పరిచి, కిందనుంచి గాలి లాగేస్తే రేకు అచ్చును కరుచుకుంటుంది. అంతే పని. శిరస్త్రాణానికి కుడి ఎడమలు సమానంగా కూడా వుండవు. ఆ వంకరను కూడా వున్నదున్నట్టు దింపటమే నేటి అభిమానుల నేర్పు! ఆ శిరస్త్రాణం మీద హక్కుల తగవు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అది శిల్పం కాదని 2011లో తీర్పు వచ్చింది.

శనివారం ఒక సభ్యుడి గ్యారేజీలో పదిమంది చేరారు. ఒకాయన బడిపంతులు, ఒకావిడ నర్సు. మావాడి తొడ కొలిచి, పెన్సిలు గీత గీసి, గీతకు కాస్త బయటే కోయమన్నారు. ఎక్కువైతే మళ్ళీ కోయవచ్చు, తక్కువైతే చేసేదేముంది? వంపు తిరగని ముక్కను వేడినీళ్ళలో ముంచి చేత్తో వంచారు. అతుకులకు జిగురు రాసి అయస్కాంతాలు బిగించారు. ఆ జిగురు ఆరటానికి ఒక పగలూ ఒక రాత్రీ కావాలి. పొరపాటైతే వూడదీయవచ్చు గనుకనే దాన్ని వాడతారట.

భరతుడు అభినయంలో నాలుగు భాగాలు చెప్పి ఆహార్యాన్ని ఒకటిగా లెక్కించాడు. సత్యభామకు జడ యెలాగో ఈ భటుడికి ఎడమ మోకాలి పలక అలాగ. "పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు మామయ్యా! వాళ్ళకి నేను కనపడకూడదు, సైనికుడే కనపడాలి," అన్నాడు మేనల్లుడు.

ఈ దుష్టభటులు వేషం వేసుకుని వెళ్ళేది ఆస్పత్రులకూ, ధర్మకార్యాలకూ. జాన్సన్ కూతురికి మెదడులో కణితి వచ్చింది. తనకు కాపలాగా బొమ్మ మరమనిషి వుంటే బాగుండునన్నది. మరమనుషులు తయారుచేసే అభిమానులు గులాబిరంగులో ఒకటి కట్టసాగారు. అది పూర్తి అయిన 2006 నాటికి పాప లేదు. 2005లోనే పోయింది. ఆ మరమనిషి మాత్రం తరువాత ఎన్నో ఆస్పత్రులు తిరిగి ఎందరో పిల్లల్ని నవ్వించింది. ఈ కథ విన్న రోజున బావగారు గ్యారేజీలోకి వచ్చి, అడక్కుండానే దీపం పట్టుకు నిలబడ్డారు.

మళ్ళీ ఫోటోలు వెళ్ళాయి. నాలుగోనాటికి ఆమోదమూ, మావాడికో నంబరూ వచ్చాయి. పైన ఇంకా రెండు మెట్ల పరీక్షలున్నాయట. వాటికి జాబితా మరింత పొడుగు!

ఆ ఆదివారం ఒక గ్రంథాలయంలో పుస్తకాల నిధికి ఆరుగురు భటులు వచ్చి వరసగా నిలబడ్డారు. ఒక బుడతడు తల్లి కొంగు - గౌను అనాలి కాబోలు - పట్టుకుని చాలాసేపు చూసి, చివరికి ఒకడికి చెయ్యి అందించాడు. అక్కయ్య ఆ కొసనుంచి ఈ కొసదాకా రెండుసార్లు చూసింది. "వీళ్ళలో మనవాడెవడురా తమ్ముడూ?" అన్నది. నాకూ తెలియలేదు.

"ఎడమనుంచి మూడోవాడు," అన్నారు బావగారు మెల్లిగా. "నిలబడితే బరువంతా కుడికాలి మీదే వేస్తాడు, చిన్నప్పటినుంచీ."