బోనెట్ ఎత్తితే తెలిసే లెక్క

హైదరాబాద్ మూసాపేటలో, మెయిన్ రోడ్డు దాటి లోపలి సందులో ఉన్న ఆ షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా ఉడుకు రక్తపు కార్లే. నేను వెళ్లిన రోజు అబార్త్ పుంటో, బాలెనో ఆర్‌ఎస్, ఐ20 ఎన్ లైన్, పోలో జీటీ టీఎస్‌ఐ ఉన్నాయి. చూడటానికి ఇంటిల్లిపాదీ తిరిగే చిన్న కార్లు, లోపల టర్బో. వీటిని హాట్ హ్యాచ్ అంటారు. కొనేవాళ్లంతా పికప్ గురించే మాట్లాడతారు. కొన్నాక ఏడాదికి ఏది ఎంత తింటుందో తెలుసుకుందామని నా ప్రయాణం.

మైలేజీతో మొదలుపెట్టాను. "అది నన్నడుగుతరేంది సార్, మీ కాలునడగుండ్రి" అన్నాడు హెడ్ మెకానిక్. లెక్క వేస్తే ఆయన మాటే నిజం. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగామనుకుందాం. నెమ్మదిగా నడిపి లీటరుకు 15 కిలోమీటర్లు రాబడితే 800 లీటర్లు సరిపోతాయి. టర్బోను ప్రతి సిగ్నల్ దగ్గరా నిద్రలేపి 9కి దించితే 1,333 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయల చొప్పున మొదటిది 86 వేల లోపు, రెండోది 1.43 లక్షలు. కారు అదే, 57 వేలు తేడా. ఈ నాలుగింటిలో ఏ రెండు మోడళ్ల మధ్యా మైలేజీలో ఇంత తేడా ఉండదు.

టైర్లదీ అదే కథ. అబార్త్, బాలెనో ఆర్‌ఎస్, ఎన్ లైన్ మూడింటికీ 195/55 ఆర్16 కొలతే. కొత్తవి వేయించినప్పుడు బిల్లు ఒకటే. ఎన్నాళ్లకోసారి వేయించాలన్నది మాత్రం నడిపేవాడి చేతిలో ఉంది.

బీమాలో ఒక విచిత్రం ఉంది. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సీసీని బట్టే తప్ప వేగాన్ని బట్టి కాదు. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, ఆ పైన 1,500 సీసీ దాకా 3,416. ఎన్ లైన్, బాలెనో ఆర్‌ఎస్ రెండూ 998 సీసీ. అంటే 120 హార్స్‌పవర్ ఎన్ లైన్, టర్బో లేని మామూలు 1.2 లీటర్ ఐ20 కన్నా తక్కువ కడుతుంది! 1,368 సీసీ అబార్త్‌కు ఆ అదృష్టం లేదు. 1,500 సీసీ దాటితే 7,897. 2025లో దిగుమతి అయిన రెండు లీటర్ల గోల్ఫ్ జీటీఐ అందులోకి వస్తుంది. యాభై లక్షలు పైబడి పెట్టి కొన్నవాళ్లకు అదో లెక్క కాదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది బాలెనో ఆర్‌ఎస్. ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఊడదీసి ఉంది. మెకానిక్ టార్చి వేసి చూపించాడు. వాల్వు కాడ చుట్టూ నల్లటి మసి, అడుగంటిన పాలగిన్నెలా గట్టిపడి ఉంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు తిన్నగా సిలిండర్‌లోకే పోతుంది, వాల్వును కడగదు. ఇంజిన్ లోంచి వచ్చే ఆయిల్ ఆవిరి అక్కడే పేరుకుంటుంది. వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి దాన్ని రాలుస్తారు. ఇంజిన్ డైరెక్ట్ ఇంజెక్షన్‌దే కాబట్టి ఎన్ లైన్‌కూ ఈ బాధ తప్పదు. పాత పద్ధతిలో పోర్టులోనే పెట్రోలు చిమ్మే అబార్త్‌కు ఈ ఖర్చు లేదు.

పక్కనున్న పోలో యజమాని రోజూ హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించేవాడట. దానిది డ్రై క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్స్. సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది, ఆ క్లచ్ ప్యాక్ మామూలు క్లచ్ ప్లేటు ధరకు ఎన్నో రెట్లు. 2020 తర్వాతి ఒక లీటర్ పోలోలో టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ ఇచ్చారు, ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకు అదే మేలని నా అభిప్రాయం. ఇంజిన్ ఆయిల్ దగ్గర మాత్రం నాలుగూ సమానం. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బోకు ఫుల్లీ సింథటిక్ తప్ప వేరే దారి లేదు. ఇక్కడ వెయ్యి రూపాయలు మిగుల్చుకోబోయి టర్బోనే పోగొట్టుకున్నవాళ్లను మెకానిక్ చాలామందిని చూశాడు.

నడపడానికి నా మనసు అబార్త్ మీదే. 145 హార్స్‌పవర్, చేతికి బరువుగా తగిలే ఆ స్టీరింగ్ ఈ ధరలో మళ్లీ రాలేదు. కానీ దాన్ని తయారుచేసిన ఫియట్ ఇక్కడ కార్ల అమ్మకం ఆపేసి ఏళ్లయింది. సర్వీసుకు పెద్దగా కాదు, విడిభాగానికి ఎదురుచూడటానికే అసలు ఖర్చు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ క్యాబ్ డబ్బులు ఏ పోలిక పట్టికలోనూ కనబడవు.

నేనుండగానే ఒక కుర్రాడు వచ్చాడు. సెకండ్ హ్యాండ్ అబార్త్ చవగ్గా వస్తోందట, కొనొచ్చా అని అడిగాడు. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని కూడా మెకానిక్ అడగలేదు.

"పుత్లీబౌలి పో తమ్మీ. టైమింగ్ బెల్ట్ కిట్, టర్బో హోసు, వెనక బ్రేక్ డిస్కులు ఎవరి తాన ఉన్నయో, ఎంత చెప్తరో రాసుకొని రా. లీనియా టీ-జెట్‌ది ఇదే ఇంజన్, దాని సామాన్ అయినా అడుగు. చీటీ తెచ్చినంకనే బండి ముచ్చట."