చేత్తో నడిపితే నడిచే స్క్రిప్టు

ఏం నాన్నా, రాత్రి ఒంటిగంటకి కూడా నీ గదిలో లైటు ఆరలేదు? బ్యాకప్ స్క్రిప్టేనా? చేత్తో నడిపితే చక్కగా నడుస్తుంది, క్రాన్‌కి అప్పగిస్తే కిక్కురుమనదు. అంతేగా? ఏదీ, ఆ ఫోను ఇటివ్వు, లైను చూద్దాం.

ఇదిగో, దొరికాడు దొంగ. ఫైలు పేరులో తేదీ రావాలని డేట్ కమాండ్‌లో పర్సెంట్ గుర్తు పెట్టావు. క్రాన్‌టాబ్‌లో ఆ గుర్తు కనబడిందంటే కమాండ్ అక్కడితో సరి! తర్వాతదంతా ఇన్‌పుట్ కింద పోతుంది. ముందో బ్యాక్‌స్లాష్ తగిలించు. నన్నడిగితే మాత్రం ఆ గోలంతా ఒక ఫైల్లో పెట్టి, క్రాన్‌లో దాని పేరొక్కటే రాయి. పూర్తి పాత్‌తో సుమా! నీ లాగిన్‌లో ఉన్న పాత్ దానికుండదు.

స్క్రిప్టు మొదట్లో సెట్ మైనస్ యూ పెట్టావా? మంచిదే. కానీ అది లేని వేరియబుల్‌నే పట్టుకుంటుంది, ఉండీ ఖాళీగా ఉన్నదాన్ని వదిలేస్తుంది. 2015లో గేముల యాప్ స్టీమ్ లినక్స్ స్క్రిప్టులో జరిగిందదే. ఫోల్డర్ పేరుండాల్సిన చోట ఏమీ లేదు, ఆర్ఎమ్ కాస్తా రూట్ నుంచి మొదలెట్టి పాపం ఎవరివో సొంత ఫైళ్ళన్నీ ఊడ్చేసింది. అందుకే చెరిపే లైన్లో వేరియబుల్ పేరు పక్కన కోలన్, ప్రశ్నార్థకం పెట్టాలి. ఖాళీ అయితే అక్కడే ఆగిపోతుంది.

మీ అమ్మ టిఫినుకి పిలుస్తున్నట్టుంది. వస్తాడులే వదినా, ఒక్క నిమిషం!

అన్నిటికన్నా నాకు భయం, నోరెత్తకుండా చెడిపోయే స్క్రిప్టంటేనే. గిట్‌ల్యాబ్ కంపెనీ సంగతి విన్నావుగా? 2017 జనవరి 31న ఒకాయన ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశాడు. దాదాపు 300 జీబీ. బ్యాకప్ కోసం వెతికితే ఏముంది, ఖాళీ! డేటాబేస్ వెర్షన్ 9.6, డంప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ 9.2, అందుకే బ్యాకప్ రోజూ తప్పుతూనే ఉంది. తప్పినప్పుడల్లా మెయిల్ కూడా బయల్దేరింది. సంతకం సరిగా లేదని అవతలి మెయిల్ సర్వర్ వెనక్కి కొట్టింది. ఎవరికీ తెలియలేదు. ఆరు గంటల ముందు ఎందుకో తీసుకున్న స్నాప్‌షాట్ ఉండబట్టి గట్టెక్కారు.

నువ్వూ తప్పు జరిగితేనే మెయిల్ రావాలని పెట్టుకున్నావు కదూ? అలా వద్దు. పని అయినా రోజూ ఒక మెయిల్ రానీ, ఫైలు సైజుతో సహా. రాని రోజున అనుమానపడు. ఈ ఆదివారం ఖాళీగా ఉంటే ఆ బ్యాకప్‌ని వేరే మిషన్ మీద రిస్టోర్ చేసి, ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకో.